పెట్టెలోని కలము



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము మిక్కిలి చిన్నది. మీ చొక్కాజేబులో ఇముడునంతటిది. ఫౌంటెను పెన్ను, సిరా పోసి వ్రాయు కలము. ఇంత చిన్న వస్తువును గుఱించి ఇంతసేపు చెప్పుటకేమున్నదని మీలో కొందఱనుకొనవచ్చును. నేనును మొన్నటివఱకు అట్లే అనుకొనియుంటిని. గడచిన కార్తికమాసమున జరిగిన యొక సంగతి నా యభిప్రాయమును మార్చినది. ఆ సంగతి తుదిని మనవి చేసెదను. ముందు కలము కథ చిత్తగింపుడు.

నేను భాషాప్రవీణ చదివి, గోదావరీతీర గ్రామములలో ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనుగా పని చేసి, 2019లో విరమించితిని. ఇప్పుడు హైదరాబాదు నగరమున ఫిల్మ్ నగర్ అను పేటలో కుమారునియొద్ద నున్నాను. ఒకప్పుడు ఈ ప్రాంతమెల్ల రాతిగుట్టలు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ చెన్నపట్టణమును విడిచి క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చినది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో వెలసినది. తరువాత మఱికొన్ని స్టూడియోలును, వానివెంట నటులయొక్కయు, నిర్మాతలయొక్కయు గృహములును ఈ గుట్టలపై లేచినవి. ఇచ్చట సంపద కలదు. సంపద కలచోట వేడుకలును కలవు. ఒకరికి కార్లు వేడుక, ఒకరికి గడియారములు వేడుక. మా వీధిలోని యొక చలనచిత్ర రచయితకు కలములు వేడుక.

ఒకనాటి సాయంకాలము వారు నన్ను తమ యింటికి పిలిచి, "మాస్టారూ, ఇవి మీకు నచ్చుతాయి, చూడండి" అని యొక బీరువా తెఱచిరి. లోపల మఖమలు పఱచిన అఱలలో సుమారు అఱువది కలములు పండుకొనియున్నవి. మొదటిది ఒక నిర్మాత బహూకరించినదట. తక్కినవన్నియు వెదకి, వెదకి కొన్నవట. మూతపై తెల్లని నక్షత్రము గల జర్మనీ కలములు, అమెరికా కలములు, నల్లని లక్కపై బంగారుపొడితో పువ్వులు చిత్రించిన జపాను కలములు. ఒక్కొక్కదాని వెల వినినంతనే నాకు నోట మాట రాలేదు. కొన్నిటి వెలతో మా యూరిలో నొక యెకరము మాగాణి కౌలుకు వచ్చును.

"బాబూ, వీటిలో దేనితో వ్రాయుదురు?" అని యడిగితిని.

వారు నవ్వి, "వేటితోనూ వ్రాయనండి. ఒక్కసారి సిరా పోస్తే వెల పడిపోతుంది. వ్రాసేదంతా కంప్యూటరు మీదనే" అనిరి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వ్రాయుటకు పుట్టిన వస్తువునకు, వ్రాసినచో వెల తగ్గుట యేమి? ఈ చిక్కు విడవలెనన్నచో కలము పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలయును.

మన పూర్వులు తాటాకుపై గంటముతో వ్రాసిరి. గంటము ఇనుప ములికి. అది ఆకుపై సిరా పెట్టదు, ఆకును గీఱును. వ్రాసిన పిమ్మట మసి పూసి తుడిచినచో గీతలలో మసి నిలిచి అక్షరములు కనబడును. ఆకు ఈనెవెంబడి నిడుపుగా గీత గీచినచో ఆకు చీలును. అందుచేతనే మన తెలుగక్షరములు గుండ్రదనము వహించినవని లిపిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన అకార ఇకారములు ముత్యములవలె నుండుటకు తాటియాకే గురువన్నమాట. తరువాత కాగితము వచ్చెను, రెల్లుకలము వచ్చెను, దొరల కాలమున పక్షియీకయు, ఉక్కుపాళీయు వచ్చెను. ఇవి యన్నియు సిరాబుడ్డిని విడిచి బ్రతుకలేనివి. రెండు మాటలు వ్రాయుట, బుడ్డిలో ముంచుట; మఱల రెండు మాటలు వ్రాయుట, ముంచుట. మన బడులలో బల్లకు తొలిచిన సిరాబుడ్డి గుంటలు మీలో వృద్ధులకు జ్ఞప్తియందుండును.

బుడ్డిని కలములోనే పెట్టవలెననెడి యూహ పాతదే. కాని సిరా కావలసినంత మాత్రమే దిగునట్లు చేయుట కష్టమైనది. నోరు క్రిందుగా నుంచిన చెంబులోని నీరు, వెలుపలినుండి గాలి చొచ్చిననే గాని సరిగా కాఱదు. కలములోనుండి సిరా వెలికి పోవలెనన్నచో అంతే గాలి లోనికి రావలెను. గాలి తక్కువైనచో వ్రాత ఎండిపోవును. ఎక్కువైనచో కాగితముపై మడుగు కట్టును. న్యూయార్కులో భీమా వ్యాపారము చేయుచుండిన లూయీ వాటర్‌మన్ అనునతడు 1884లో దీనికి మంచి యుపాయము కనిపెట్టి హక్కుపత్రము పొందెను. పాళీక్రింద నాలుకవలె నుండు నల్లని ముక్కను మీరు చూచియుందురు. దానిపై సన్నని కాలువలు తీయబడియుండును. ఆ కాలువలవెంబడి సిరా దిగును, గాలి యెక్కును. దీపపు వత్తి నూనెను పైకి పీల్చు న్యాయముననే పాళీ చీలికలోనికి సిరా తనంత తానే ప్రాకును. కాగితమును తాకినంతనే కాగితమును దానిని పీల్చుకొనును. చేతితో నొత్తవలసిన పని లేదు. అందుచేతనే మంచి సిరాకలముతో ఎంతసేపు వ్రాసినను వ్రేళ్లు నొవ్వవు.

వాటర్‌మన్ తరువాత నాలుగేండ్లకు, 1888లో, పార్కరు కంపెనీ పుట్టెను. దానిని స్థాపించిన జార్జి పార్కరు నా వంటి బడిపంతులేయని చెప్పుటకు నాకు సంతోషము. ఆతడు అమెరికాలో తంతివార్తల విద్య నేర్పుచు, జీతము చాలక శిష్యులకు కలములమ్మెడివాడు. ఆ కలములు సిరా కక్కుచుండగా, అమ్మిన పాపమునకు తానే కూర్చుండి బాగు చేయుచుండెను. ఇతరుల కలములను బాగు చేసి చేసి విసిగి, తుదకు తానే మంచి కలమును చేసెను. జర్మనీలోని హాంబర్గు నగరమున 1906 ప్రాంతమున మఱొక కంపెనీ మొదలయ్యెను. అదియే మాంట్ బ్లాంక్. అది ఐరోపాలోని యొక మంచుకొండ పేరు. మూతపై తెల్లని నక్షత్రము ఆ కొండ శిఖరమునకు గుఱుతు. వారి పెద్ద కలముల పాళీపై 4810 అను అంకె చెక్కుదురు. అది సుమారుగా ఆ కొండ యెత్తు, మీటర్లలో.

ఇక వెల మాట. పాళీని పదునాలుగు లేక పదునెనిమిది క్యారెట్ల బంగారముతో చేయుదురు. ఇది కేవలము డంబమునకు చేసినది కాదు. పూర్వపు సిరాలలో ఆమ్లముండెడిది, ఉక్కును తినివేసెడిది. బంగారము ఆమ్లమునకు లొంగదు. కాని బంగారము మెత్తన. కాగితముపై రాచినచో అరుగును. కాబట్టి పాళీ కొనయందు మిక్కిలి కఠినమైన వేఱొక లోహపు రేణువును అతుకుదురు. నేడు త్రుప్పుపట్టని ఉక్కు వచ్చినది, సిరాలును మారినవి; ఉక్కుపాళీ కలము తక్కువ వెలకే చక్కగా వ్రాయును. ఆపైన వెలయంతయు పనితనమునకు, పేరునకు, అరుదుతనమునకు చెల్లించునదే.

ఇప్పుడు మన దేశపు కలమునకు వత్తము. అట్టి కలములలో పేరొందిన యొకటి పుట్టిన చోటు మన గోదావరి యొడ్డుననే యున్న రాజమహేంద్రవరము. కోసూరి వేంకటరత్నముగారు స్వర్ణకారవృత్తిలోనివారు. స్వదేశోద్యమ దినములలో, 1921లో, వార్ధాకు పోయి గాంధీగారిని చూచిరనియు, సామాన్యునకు ఉపయోగపడు వస్తువేదైన స్వదేశమున చేయుమని వారు బోధించిరనియు చెప్పుదురు. ఆనాడు మన దేశమున వాడు ఫౌంటెను పెన్నులు చాలవఱకు విదేశములనుండి వచ్చినవే. విదేశవస్త్రములను తగులబెట్టుడని వ్యాసము వ్రాయువాడును తఱచుగా విదేశపు కలముతోనే వ్రాయుచుండెను! రత్నముగారు 1932లో రాజమహేంద్రవరమున కలముల పని మొదలిడిరి.

వారు వాడిన పదార్థము ఎబొనైటు. రబ్బరులో గంధకము హెచ్చుగా కలిపి బహుసేపు కాచినచో, అది నల్లచేవవలె గట్టిపడును. ఆ కడ్డీని తరిమెనపై త్రిప్పి, ఉలితో చెక్కి, లోపల తొలిచి, మఱలు కోసి, మెఱుగుపెట్టి కలమును చేయుదురు. ఒక్కొక్క కలమును ఒక్కొక్క మనుజుడు చేయవలెను. మూత తిరుగుట, మఱ బిగియుట, పాళీ కూర్చుండుట, అన్నియు చేతి లెక్కయే. బంగారముపై నేర్చిన సున్నితపు చేయి ఇచ్చట పనికివచ్చినది.

గాంధీగారు ఈ కలమును ఊరక పుచ్చుకొని మెచ్చుకొనలేదు. గ్రామపరిశ్రమల సంఘమునకు చెందిన కుమారప్పగారి ద్వారా ఆ కలము వారికి చేరినది. వారు దానితో వ్రాసి చూచిరి. పిమ్మట 1935 జూలై 16వ తేదీన రత్నముగారికి జాబు వ్రాసి, కృతజ్ఞత తెలిపి, తాము దానిని వాడితిమనియు, బజారులోని విదేశపు కలములకు బదులుగా నిది పనికివచ్చునట్లున్నదనియు సెలవిచ్చిరి. ఆ జాబులో పొగడ్తకంటె పరీక్ష యెక్కువ. వాడి చూచితినన్న మాటకంటె కలము చేసినవానికి కావలసిన బహుమానమేమున్నది?

గాంధీగారికి కలము విలువ బాగుగా తెలియును. వారు 1909లో ఇంగ్లండునుండి దక్షిణాఫ్రికాకు ఓడలో పోవుచు హింద్ స్వరాజ్ అను గ్రంథమును పది దినములలో వ్రాసిరి. కుడిచేయి అలసినప్పుడు ఎడమచేతితో వ్రాసిరి. వ్రాతప్రతిలోని 275 పుటలలో నలువది ఎడమచేతి వ్రాతయే. అట్టివారు తమ దస్తూరి బాగులేదని ఆత్మకథలో సిగ్గుపడి, చెడ్డ దస్తూరి చదువులోని కొఱతయే యని వ్రాసిరి. నేను తరగతిలో నీ మాట నెన్నిసార్లు చెప్పితినో లెక్క లేదు.

ఇట్లుండగా 2009లో నొక విచిత్రము జరిగినది. నేను చెప్పిన ఆ జర్మనీ కంపెనీవారు గాంధీగారి పేర నొక బంగారు కలమును విడుదల చేసిరి. దండియాత్ర 241 మైళ్లు గనుక 241 కలములే చేసిరి. పాళీపై చేతికఱ్ఱతో నడచు గాంధీగారి రూపమును చెక్కిరి. రాట్నపు నూలునకు గుఱుతుగా బంగారుతీగ చుట్టిరి. ఒక్కొక్కదాని వెల పదునొకండు లక్షల రూపాయలకు పైమాటే. ఉప్పుపై పన్ను పేదవానికి బరువని నడచిన నడకకు ఇది జ్ఞాపకచిహ్నము! దేశమున నిరసన లేచినది. జాతీయ చిహ్నములను, నామములను వ్యాపారమునకు వాడరాదను 1950 నాటి చట్టము నుదాహరించి కేరళలో వ్యాజ్యము వేసిరి. 2010లో కంపెనీవారు మన దేశమున ఆ కలముల విక్రయమును నిలిపిరి.

నేను ఆ కంపెనీని నిందించుటకు ఈ కథ చెప్పలేదు. వారి పనితనము గొప్పది. గౌరవించియే చేసితిమని వారనుకొనియుందురు. కాని 1935 నాటి కలమును, 2009 నాటి కలమును ప్రక్కప్రక్క పెట్టి చూడుడు. మొదటిదానితో గాంధీగారు వ్రాసిరి. రెండవదానిపై గాంధీగారు ఉన్నారు గాని, దానితో ఎవరు ఏమి వ్రాసిరో ఎవరికెఱుక? తరువాత 2019లో మన ప్రధానమంత్రి జర్మనీ ఛాన్సలరుగా నుండిన ఆంగెలా మెర్కెల్ గారికి రాజమహేంద్రవరపు రత్నము కలమును కానుకగా నిచ్చిరి. మాంట్ బ్లాంక్ పుట్టిన దేశమునకు మన గోదావరి కలము పోయినది. ఆ వార్త విని సంతోషింపని గోదావరివాడుండడు.

అయినచో కలములు సంగ్రహించుట తప్పా? తప్పని నేననను. మన తెలుగువారికి సంగ్రహము చేసిన మేలు తక్కువది కాదు. బ్రౌను దొర పందొమ్మిదవ శతాబ్దిలో ఊరూర తాళపత్ర గ్రంథములను వెదకి కూర్పకున్నచో, మన కావ్యములెన్ని చెదలపాలయ్యెడివో! కాని ఆయన వానిని బీరువాలో పెట్టి తాళము వేయలేదు. కడపలో పండితులను కూర్చుండబెట్టి, తప్పులు దిద్దించి, మేలుప్రతులు వ్రాయించెను. ఆయన కూర్చినవి నేడును చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత భాండాగారమున చదువరులకు దొరకుచున్నవి. వస్తువును కాలమునుండి తప్పించి మఱల మనుష్యులచేతికిచ్చు సంగ్రహము పుణ్యము.

కలముల విషయమునను అంతే. బాల్ పెన్ను వచ్చిన పిమ్మట సిరాకలము మూలబడినది. ఎబొనైటు కడ్డీని త్రిప్పెడి చేతులు తగ్గిపోయినవి. అట్టి సమయమున దేశదేశముల కలముల ప్రియులే చేతితో చేసిన భారతదేశపు కలములను వెదకి తెప్పించుకొని, ఆ వృత్తిని నిలువబెట్టుటకు తోడ్పడిరి. మా హైదరాబాదులోను ఆబిడ్సు వీధిలో 1928లో వెలసిన దక్కన్ పెన్ స్టోర్సు వంటి యంగడులు అట్టివారివలననే తరములు గడపినవి. కావున నా పొరుగువారి బీరువాను చూచి నేను నవ్వరాదు. నవ్వుటకు నాకు అధికారము లేదని ఆ మఱునాడే తెలిసినది. ఇక నా సంగతి చెప్పెదను.

మఱునాడు నేను నా పాత రేకుపెట్టెలోని నల్లని కలమొకటి తీసికొనిపోయి వారికి చూపితిని. వారు భూతద్దముతో చూచి, "మాస్టారూ, ఇది రాజమండ్రి కలం. బంగారు పాళీ. ఇలాంటిది నా దగ్గర లేదు. వెల మీరే చెప్పండి, ఇస్తాను" అనిరి.

అప్పుడు నా నోట వచ్చిన మాట, "బాబూ, ఇది నాది కాదు" అని.

1987లో నేను పని చేయుచున్న గ్రామమున ఎనిమిదవ తరగతిలో నొక బాలుడుండెను. తండ్రి కూలివాడు. ఒకనాడు ఆ బాలునిచేతిలో నీ కలము చూచితిని. "ఇంత మంచి కలము నీకెక్కడిదిరా?" అని యడిగితిని. "మా తాతదండి" అనెను. నేను నమ్మలేదు. తరగతియందఱు చూచుచుండగా దానిని తీసికొని, "మీ నాయనను పంపుము, అప్పుడిచ్చెదను" అంటిని. దొంగయను మాట నేననలేదు. కాని తరగతియందఱకు ఆ మాటయే వినబడినది. తండ్రి రాలేదు, కూలిపనికై దూరదేశము పోయియుండెనట. కొలది దినములకు బాలుడును బడి మానివేసెను. నాకు బదిలీ అయినది. బల్లసొరుగులోని కాగితములతోపాటు కలమును నా పెట్టెలోనికి వచ్చినది. ఇచ్చివేయవలెననుకొందును, మఱచిపోదును. అట్లు దాదాపు నలువది సంవత్సరములు గడచినవి. నా పొరుగువారు వెలపోసి కొనిన కలములను దాచిరి. నేను వెల యీయని కలమును దాచితిని.

ఆ రచయిత నా మాట విని యేమియు ననలేదు. కలమును విడదీసి చన్నీటిలో నుంచిరి. ఎండిన సిరా నీలముగా కరగి దిగసాగెను. పాత పండ్లకుంచెతో మెల్లగా తోమి, మెత్తని బట్టతో తుడిచి, దీపముక్రింద పెట్టి, "ఇది చదవండి మాస్టారూ" అనిరి. కలము తుదియందు చిన్న తెలుగక్షరములతో నొక పేరు చెక్కబడియున్నది. మట్టియు సిరాయు నిండి అది నాకెన్నడును కనబడలేదు. ఆ యింటిపేరు ఆ బాలునిదే. ముందున్నది వాని తాత పేరే కావలెను. ఆనాడు నేను కలమును వెలుతురులో త్రిప్పి చూచియున్నచో చాలును, బాలుని సాక్ష్యము దానిమీదనే వ్రాసియున్నది. చదువు చెప్పువాడను, చదువలేకపోయితిని.

పాత శిష్యులను విచారింపగా వాని జాడ దొరకినది. ఇప్పుడు వాడు ఏబది దాటినవాడు. ఒక చిన్న పట్టణమున మోటార్ల మరమ్మతు చేసికొనుచున్నాడు. నేను రైలెక్కి పోయితిని. నన్ను చూచి లేచి నిలుచుండి, చేతులకంటిన నూనె తుడుచుకొని నమస్కరించెను. కలమును వానిచేతిలో నుంచి, "నాయనా, ఆనాడు నేను తప్పు చేసితిని" అంటిని.

వాడు మూత విప్పి పాళీని చాలసేపు చూచెను. పిమ్మట, "మా తాత పోయేదాకా అడుగుతూనే ఉన్నాడండి, మాస్టారూ. ఊళ్లోవాళ్లందరికీ ఉత్తరాలు దీంతోనే రాసేవాడు. నేను పారేసుకున్నానని చెప్పాను. మీరు తీసుకున్నారని చెప్పలేదండి" అనెను.

నేను జవాబు చెప్పలేకపోయితిని. తాతయొద్ద తాను చివాట్లు తిని, గురువు మాట దక్కించినాడు. నేను సిరాబుడ్డి వెంట తీసికొనిపోయియుంటిని. సిరా పోసి యిచ్చితిని. వాడొక రసీదు కాగితము వెనుక తన తాత పేరు వ్రాసెను. అక్షరములు కొంచెము వణకినవి, పాళీ మాత్రము వణకలేదు. ఇన్నేండ్ల పిమ్మటను ఒక్క గీత విడువక వ్రాసినది. వాడు నాకు టీ తెప్పించెను. ఆనాటి సంగతి మఱల మేమిరువురమును ఎత్తలేదు.

గ్రామపెద్దలారా! మీ యిండ్లలోను, మీ తండ్రులవో తాతలవో అయిన కలములు పెట్టెలలో పడియుండవచ్చును. ఒకసారి వెలికి తీయుడు. వేడినీరు తగిలినను, ఎండ తగిలినను ఎబొనైటు రంగు మారి పచ్చబడును. కావున చన్నీరే వాడుడు, నీడనే ఆఱబెట్టుడు. పాళీ ఊడిరానిచో బలాత్కరింపకుడు, ఒక రాత్రి నానవేయుడు. ఫౌంటెను పెన్నుల సిరాయే పోయుడు. బొమ్మలు వేయు చిక్కని సిరా పోసినచో కాలువలు పూడిపోవును. కలము సగము ఖాళీ అయినప్పుడు చేతివేడికి లోని గాలి ఉబ్బి సిరాను వెలికి నెట్టును. కలము కక్కుటకు ముఖ్యకారణమిదియే. కాబట్టి సిరా తగ్గనీయక నింపుచుండుడు. వాడనప్పుడు కడిగి ఆఱబెట్టి దాచుడు. ఈ పాటి శ్రద్ధ చూపినచో ఆ కలము మీ మనుమలకును వ్రాయును.

బాగు చేసిన పిమ్మట ఏమి వ్రాయవలెనని యడిగెదరేమో. మీ యూరి చెఱువు ఎవరు త్రవ్వించిరో, ఏ సంవత్సరమున గట్టు తెగినదో, మీ వంశమున ఎవరికి ఎవరేమగుదురో, పాత పొలముల పేర్లేవో, మీకు తెలిసినవి మీ దస్తూరితో వ్రాసి పెట్టుడు. యంత్రముపై వ్రాసినను అక్షరములు నిలుచును. కాని అవి యందఱవియు నొక్కటే తీరుగా నుండును. చేతివ్రాతను చూచినంతనే, ఇది మా తాత వ్రాసినది అని మనుమడు గుర్తుపట్టును. ఎవరి వస్తువైన మీ పెట్టెలో నున్నచో, దానితో మొదటి జాబు వారికే వ్రాయుడు.

నా పొరుగువారు మొన్న వచ్చి, తమ బీరువాలోని కలములలో నొకదానిలో సిరా పోసితినని చెప్పిరి. ఏమి వ్రాసితిరని నేనడుగగా, పల్లెలోనున్న తమ తల్లిగారికి జాబు వ్రాసితిననిరి. ఆ కలము వెల ఎంత పడిపోయినదో మేమిద్దఱమును లెక్క చూడలేదు.